మల్యాల గుట్టల మూలికలు – అరబీ వైద్యగ్రంథాలలో వాటి పేర్లు

ప్రతి వ్యాధికీ అల్లాహ్ ఔషధాన్ని కూడా అవతరింపజేశాడన్న బోధ దైవప్రవక్త (స) ప్రవచనాలలో సుప్రసిద్ధమైనది. ఈ విశ్వాసం ముస్లిం వైద్యులను రెండు పనులకు పురికొల్పింది. మందును వెదకటం మొదటిది. దొరికిన మందు ఏదో తేల్చి, దానికి సరైన పేరు నిర్ణయించటం రెండవది. మొదటి పనిని గురించి మనవాళ్లు చాలా చెప్పుకున్నారు. రెండవదానిని గురించి చెప్పుకున్నది తక్కువ. కాని ఒక పేరును పొరపాటున మరో చెట్టుకు అంటగడితే, ఎంత గొప్ప వైద్యగ్రంథమైనా రోగికి పనికిరాకుండా పోతుంది. ఒక్కొక్కసారి ప్రాణం మీదికి కూడా వస్తుంది. ఈ విషయాన్ని పరిశీలించటానికి బాగ్దాదు, కార్డోవా గ్రంథాలయాలు ఎంత అవసరమో, జగిత్యాల జిల్లా మల్యాల చుట్టూ ఉన్న గుట్టలు కూడా అంతే అవసరం.

కొండగట్టు అడవి

జగిత్యాల నుంచి కరీంనగర్ వెళ్లే దారిలో మల్యాల మండలం వస్తుంది. ముత్యంపేట దగ్గరి కొండగట్టు ఈ మండలంలోనిదే. 2016 అక్టోబరు 11న జగిత్యాల జిల్లా ఏర్పడేదాకా ఈ ప్రాంతమంతా కరీంనగర్ జిల్లాలో ఉండేది. కొండగట్టు పేరు ఆంజనేయస్వామి ఆలయం వలన రాష్ట్రమంతటా తెలిసినది. సంజీవని కొండను మోసుకుపోతుండగా అందులో ఒక ముక్క ఇక్కడ జారిపడిందని స్థానికుల గాథ. గాథను గాథగానే తీసుకున్నా, అందులో ఒక సామాజిక సత్యం ఉన్నది. ఈ గుట్ట మందు మొక్కలకు నిలయమని చుట్టుపక్కల ప్రజలు తరతరాలుగా ఎరుగుదురు. ఆ ఎరుకే ఈ కథకు ఆధారమైనది. మనోవ్యాధులతో బాధపడేవారిని ఇక్కడికి తెచ్చి నలభై రోజులు ఉంచే ఆచారం కూడా ఉన్నది. సూఫీల 'చిల్లా' కూడా నలభై రోజులదేనని పాఠకులకు తెలుసు.

ఇక్కడి అడవి ఆకురాల్చే మెట్ట అడవి. టేకు, మద్ది, తునికి, ఇప్ప, మోదుగ, రేల, మారేడు, ఉసిరి, తాని ఇటువంటి అడవుల చెట్లు. వాటి కింద, ఒర్రెల పక్కన తిప్పతీగ, సుగంధి, పొడపత్రి, నేలవేము, చిత్రమూలం వంటివి పెరుగుతాయి. చెలకల గట్ల మీద పల్లేరు, భావంచాలు, నేల ఉసిరి, గుంటగలగర మొలుస్తాయి. వీటిలో చాలా వాటికి యునానీ గ్రంథాలలో చోటున్నది. తిప్పతీగ అక్కడ 'గిలో', పల్లేరు 'ఖారె ఖసక్', పొడపత్రి 'గుడ్మార్', రేల 'అమల్తాస్'. జగిత్యాల, కోరుట్ల వంటి పట్టణాలలో హకీం రాసిచ్చిన చీటీలో ఉర్దూ పేరుంటుంది. దానిని తెచ్చి ఇచ్చే కూలిమనిషి నోట తెలుగు పేరుంటుంది. ఈ రెండింటినీ కలిపేవాడు అత్తారు దుకాణదారు. కాబట్టి వైద్య పరంపరలో మొదటి అనువాదకుడు అతడే అనాలి.

బాగ్దాదు చేరిన మూడు కాయలు

కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ కలిస్తే త్రిఫలం. ఆయుర్వేదంలో దీనికున్న స్థానం చెప్పనక్కరలేదు. ఈ మూడు కాయలూ ఇస్లాం ప్రపంచానికి పారసీకం ద్వారా చేరాయి. పారసీకంలో హలీలా, బలీలా, ఆమ్లా. అరబీలో హలీలజ్, బలీలజ్, ఆమ్లజ్. వీటితో చేసే లేహ్యాన్ని అరబ్బులు 'ఇత్రీఫల్' అన్నారు. త్రిఫల శబ్దమే మారి ఇత్రీఫల్ అయినది. ఈనాటికీ యునానీ దవాఖానాలలో అనేక రకాల ఇత్రీఫల్ మందులు దొరుకుతాయి. అటువంటి మందు సేవించే రోగి, తన ఊరి గుట్ట మీది కాయ పేరే సముద్రాలు దాటి, వేషం మార్చుకుని, తిరిగి తన చేతికి వచ్చిందని ఎరుగడు.

ఈ రాకపోకలకు కాలం కూడా నిర్దిష్టంగా తెలుసు. అబ్బాసీ ఖలీఫా హారూన్ అల్ రషీద్ కాలంలో మన్కా అనే భారతీయ వైద్యుడు బాగ్దాదు చేరి సంస్కృత గ్రంథాలను అనువదించాడు. బర్మకీ వజీరు యహ్యా బిన్ ఖాలిద్ కోసం సుశ్రుతుని గ్రంథాన్ని వివరించాడని ఇబ్నున్ నదీం తన 'ఫిహ్రిస్త్'లో పేర్కొన్నాడు. క్రీ.శ. 850లో అలీ బిన్ రబ్బన్ అత్తబరీ పూర్తిచేసిన 'ఫిర్దౌసుల్ హిక్మ' చివరి భాగంలో భారతీయ వైద్యసారం చేరినది. యునానీ అంటే గ్రీకు వైద్యమని అర్థం. కాని దాని మందుల పెట్టెలో భారతదేశపు వాటా మొదటి నుంచీ ఉన్నది.

తరువాత ఈ ప్రవాహం ఎదురు దిక్కుకు సాగింది. 1512లో సికందర్ లోదీ కాలంలో భువా బిన్ ఖవాస్ ఖాన్ సంస్కృత వైద్యగ్రంథాల ఆధారంగా పారసీకంలో 'మఅదనుష్ షిఫా' రచించాడు. దక్కనులో చరిత్రకారుడిగా ప్రసిద్ధుడైన ఫిరిష్తా భారతీయ వైద్యం మీద 'దస్తూరుల్ అతిబ్బా' రాశాడు. 1595లో మహమ్మద్ కులీ కుతుబ్ షా హైదరాబాదులో దారుష్ షిఫా కట్టించాడు. ఆసఫ్‌జాహీల పాలనలో యునానీ వైద్యానికి ప్రభుత్వ ఆదరణ కొనసాగింది. చార్మినార్ పక్కన ఉన్న నిజామియా ఆసుపత్రి, తిబ్బీ కళాశాల దానికి సాక్ష్యాలు. అక్కడ చదివిన హకీములు ఆనాటి రాజ్యపు జిల్లాలకు వెళ్లినప్పుడు, వారికి దొరికినది గ్రంథంలోని హలీలా కాదు, గుట్ట మీది కరక్కాయ. రెండూ ఒకటేనని తెలిసినవాడే అక్కడ వైద్యం చేయగలిగాడు.

పేరు నిర్ణయించిన పండితులు

గ్రీకు వైద్యుడు దియస్కోరిదీస్ ఓషధి గ్రంథాన్ని తొమ్మిదవ శతాబ్దంలో బాగ్దాదులో ఇస్తిఫాన్ బిన్ బాసిల్ అరబీలోకి తెచ్చాడు. హునైన్ బిన్ ఇస్‌హాక్ దానిని సరిదిద్దాడు. ఇస్తిఫాన్ తనకు అరబీ పేరు తెలిసిన చోట ఆ పేరు పెట్టాడు. తెలియని చోట ఊహించి రాయలేదు. గ్రీకు పదాన్నే అరబీ అక్షరాలలో ఉంచి, తరువాత వచ్చే విద్వాంసులు పూరిస్తారని విడిచిపెట్టాడు. తెలియనిదానిని తెలియదని ఒప్పుకోవటం అనువాదకుని మొదటి ధర్మమని దీనివలన విశదమవుతుంది.

ఆ ఖాళీలు పూరించే పని స్పెయిన్‌లో జరిగింది. పదవ శతాబ్దంలో కుస్తున్తునియా చక్రవర్తి ఆ గ్రంథపు సచిత్ర గ్రీకు ప్రతిని కార్డోవా ఖలీఫా మూడవ అబ్దుర్రహ్మాన్‌కు కానుకగా పంపాడు. అక్కడ గ్రీకు తెలిసినవారు లేరు. ఖలీఫా కోరగా 951లో నికొలస్ అనే క్రైస్తవ సన్యాసి వచ్చాడు. యూదు వైద్యుడు హస్‌దాయ్ బిన్ షప్రూత్, ముస్లిం వైద్యులు, ఆ సన్యాసి కలిసి కూర్చుని ఒక్కొక్క మొక్క ఏదో తేల్చారు. మూడు మతాలవారి ఈ సమావేశాన్ని ఇబ్ను జుల్‌జుల్ నమోదు చేశాడు.

ఈ రంగంలో అబూ రైహాన్ బీరూనీకి విశిష్ట స్థానమున్నది. జీవిత చరమదశలో రాసిన 'కితాబుస్ సైదన'లో ఆయన ఒక్కొక్క మందుకు అరబీ, గ్రీకు, సురియానీ, పారసీక, భారతీయ నామాలు ఇచ్చాడు. తన చిన్ననాటి సంగతి ఒకటి పీఠికలో చెప్పుకున్నాడు. తమ ప్రాంతానికి వచ్చి స్థిరపడిన ఒక గ్రీకు వ్యక్తి దగ్గరికి గింజలు, కాయలు, మొక్కలు తీసుకుపోయి, వాటిని మీ భాషలో ఏమంటారని అడిగి రాసుకునేవాడట. మొక్కను చేత పట్టుకుని పేరు అడగటమే సరైన పద్ధతి. ఆ గ్రంథాన్ని ఢిల్లీ సుల్తాను ఇల్తుత్‌మిష్ కాలంలో అబూబక్ర్ కాసానీ పారసీకంలోకి తెచ్చాడు. హిజ్రీ 646 (క్రీ.శ. 1248)లో దమస్కసులో మరణించిన ఇబ్నుల్ బైతార్ కూడా ఇదే పద్ధతి అనుసరించాడు. స్పెయిన్ నుంచి సిరియా దాకా తిరిగి, సుమారు 1,400 ఔషధాలను తన 'అల్ జామె'లో వర్ణించాడు. ఆయన శిష్యుడు ఇబ్ను అబీ ఉసైబియా గురువుతో కలిసి దమస్కసు పరిసరాలలో మొక్కలు పరిశీలించిన సంగతి రాశాడు.

ఒక పేరు, రెండు చెట్లు

మల్యాల వంటి ప్రాంతంలో ఈ చర్చ ఎంత అవసరమో ఒక్క ఉదాహరణతో తెలుస్తుంది. రక్త విరేచనాలకు కొడిశపాల బెరడు, గింజ ప్రసిద్ధ ఔషధం. శాస్త్రజ్ఞులు దీనిని హొలరీనా అంటారు. యునానీలో గింజకు 'ఇందర్జౌ తల్ఖ్', అంటే చేదు ఇందర్జౌ అని పేరు. దీనిని పోలిన చెట్టు మరొకటున్నది. అది రైటియా. ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్ర దీనిదే. దాని గింజ 'ఇందర్జౌ షీరీన్', అంటే తియ్య ఇందర్జౌ. చిక్కేమంటే, తెలుగునాట 'పాలకొడిశ' అన్న పేరు ఈ రెండింటికీ వాడుకలో ఉన్నది. రెండింటా పాలు కారతాయి, రెండింటికీ తెల్లని పూలు, జంట కాయలు.

ఈ పొరపాటు మన పల్లెలకే పరిమితం కాలేదు. కొడిశ బెరడు 'కొనెస్సీ బెరడు' అన్న పేరుతో ఐరోపాకు ఎగుమతి అయ్యేది. దానితోపాటు విరేచనాల మీద పనిచేయని రైటియా బెరడు కలిసిపోవటం వలన అక్కడి వైద్యులకు గుణం కనిపించలేదు. మందు పేరు చెడింది. తప్పు మందుది కాదు, పేరుది. గ్రంథాలలో మరో చిక్కు కూడా ఉన్నది. ఇందర్జౌకు అరబీలో 'లిసానుల్ అసాఫీర్' అని మన యునానీ నిఘంటువులు రాస్తాయి. పిచ్చుకల నాలుకలు అని దాని అర్థం. అసలు అరబ్బు దేశాలలో ఆ పేరు ఆష్ అనే వేరొక చెట్టు కాయలది. ఆ చెట్టు దక్కనులో లేదు. చిత్రమూలం విషయంలోనూ ఇంతే. చిత్రకమన్న సంస్కృత పదం అరబీలో 'షీతరజ్' అయినది. అరబ్బులు అదే పేరును గ్రీకు గ్రంథంలోని మరో మొక్కకు కూడా పెట్టారు. అందుకే తరువాతివారు 'షీతరజ్ హిందీ' అని విడదీసి చెప్పవలసి వచ్చింది.

ఆధునిక కాలంలోనూ ఈ ప్రమాదం తప్పలేదు. 1990ల ప్రారంభంలో బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లో బరువు తగ్గటానికి చైనా మూలికలు వాడిన స్త్రీలకు మూత్రపిండాలు చెడిపోయినవి. చైనా భాషలో రెండు మూలికల పేర్లకు 'ఫాంగ్ జీ' అన్న భాగం ఉమ్మడి. ఒకదానికి బదులు వచ్చిన రెండవది అరిస్టొలోకియా జాతి మొక్క. బాధితుల సంఖ్య నూరు దాటింది. మన ఈశ్వరి తీగ, యునానీ వారి 'జరావంద్ హిందీ' ఆ జాతిదే. పాము కాటుకు ఈశ్వరి వేరు మందన్న నమ్మకం పల్లెలలో ఇంకా ఉన్నది. ఆ జాతిలోని ఆమ్లం మూత్రపిండాలను పాడుచేస్తుందనీ, కేన్సర్‌కు కారణమవుతుందనీ ఈనాడు నిర్ధారణ అయినది. పాము కాటుకు ఆసుపత్రిలోని విరుగుడు సూదిమందే శరణ్యం. పూర్వుల జ్ఞానాన్ని గౌరవించటమంటే అందులోని ప్రతి మాటనూ పరీక్షించకుండా మింగటం కాదు.

విషము, శుద్ధి

పూర్వులు కూడా అలా మింగలేదు. జాలినూస్ ననుసరించి యునానీ వైద్యులు ఒక్కొక్క మందు గుణాన్ని, వేడి, చలువ, తడి, పొడి అని విభజించి, ఒకటి నుంచి నాలుగు అంతస్తులుగా నిర్ణయించారు. నాలుగవ అంతస్తుకు చేరినవి విషతుల్యాలు. తెలంగాణ అడవుల ముష్టి చెట్టు ఇందుకు నిదర్శనం. దాని గింజ 'అజరాకీ', అందులో స్ట్రిక్నిన్ ఉన్నది. అనేక దినాలు శుద్ధి చేసి, పాలలో ఉడికించి, లోపలి మొలకను తీసివేస్తే తప్ప దానిని మందులో చేర్చరాదని యునానీ, ఆయుర్వేదాలు రెండూ శాసించాయి. అదే కుటుంబానికి చెందిన చిల్ల చెట్టు గింజను, అంటే ఇండుప గింజను, కడవ లోపల అరగదీసి బురదనీటిని తేర్చుకునేవారు. యునానీలో దీని పేరు 'నిర్మలీ'. ఒకే జాతి చెట్లు రెండు, ఒకటి ప్రాణం తీసేది, ఒకటి తాగునీరిచ్చేది. ఏది ఏదో ఎరిగిన పశుల కాపరికి వృక్షశాస్త్రం తెలియదనలేము.

నల్లజీడి కథ కూడా ఇటువంటిదే. దీని రసంతో రజకులు బట్టల మీద చెరగని గుర్తులు పెట్టేవారు. సంస్కృత భల్లాతకమే అరబీలో 'బలాదుర్' అయినది. జ్ఞాపకశక్తి పెంచుతుందని దీనికి అక్కడ గొప్ప పేరుండేది. ఇస్లామీయ జైత్రయాత్రల చరిత్ర రాసిన బలాదురీ (మరణం క్రీ.శ. 892)కి ఆ పేరు ఈ గింజ వలననే వచ్చింది. దీనిని సేవించి ఆయన మతి తప్పి మరణించాడని కొందరు, సేవించినవాడు ఆయన తాత అని మరికొందరు జీవిత చరిత్రకారులు రాశారు. తెలంగాణ అడవుల గింజ ఒకటి ఆ విధంగా అరబ్బు చరిత్రకారుని ఇంటిపేరైనది.

పల్లె జీవనంలో

మూలిక రోగం వచ్చినప్పుడే గుర్తుకొచ్చేది కాదు. తంగేడు బతుకమ్మలో పువ్వు, తోళ్లు ఊనే చోట బెరడు. కరక్కాయ మందు, సిరా, అద్దకపు సరుకు. ఇప్పపువ్వు తిండి. బాలింతకు కాయం ఏ ఇంట్లో అయినా మంత్రసాని చెప్పినట్లే తయారయ్యేది. ఆమె కులమేదో, బాలింత మతమేదో అడిగినవారు లేరు. కామెర్లకు నేల ఉసిరి పసరు ఇచ్చే మనిషి దగ్గరికి ముస్లిములూ వెళ్లేవారు. హకీం సాబ్ దగ్గరికి హిందువులూ వచ్చేవారు. పసరు మందుకు డబ్బు పుచ్చుకోరాదన్న నియమం చాలా కుటుంబాలలో ఉండేది. అదే నియమం వలన ఒక నష్టం కూడా జరిగింది. మందును రహస్యంగా ఉంచి, ఒక్క వారసునికే చెప్పేవారు. వారసుడు లేకపోతే జ్ఞానం సమాధికి చేరేది.

తునికి సంగతి వేరు. అటవీశాఖ కాగితాలలో దాని ఆకు 'అబ్నూస్' ఆకు. అరబీ, పారసీక పదం అలా సర్కారు భాషలో నిలిచిపోయినది. 1971లో ఆంధ్రప్రదేశ్ చట్టం చేసి దీని వ్యాపారాన్ని ప్రభుత్వం చేతిలోకి తీసుకున్నది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల స్త్రీలు ఎందరో బీడీలు చుట్టి బతుకుతున్నది ఈ ఆకు మీదనే. ధర ఉన్న ఆకుకు లెక్క ఉన్నది, గుత్తేదారు ఉన్నాడు. ధర లేని మూలికకు లెక్క రాసేవాడు లేడు.

పరీక్షకు నిలిచినవి, నిలవనివి

హకీం అజ్మల్ ఖాన్ (మరణం 1927) ఈ మూలికలను రసాయనశాలలో పరీక్షించాలని కోరినవారు. ఆయన ప్రోత్సాహంతో ఢిల్లీ తిబ్బియా కళాశాలలో పరిశోధన ప్రారంభించిన సలీముజ్జమాన్ సిద్దీఖీ 1931లో సర్పగంధ వేరు నుంచి ఒక పదార్థాన్ని వేరుచేసి, దానికి హకీం గారి పేరుతో 'అజ్మలీన్' అని పెట్టారు. గుండె లయ తప్పే వ్యాధులలో అది ఈనాటికీ ఉపయోగపడుతున్నది. బొల్లి మచ్చలకు భావంచాలు వాడటం మన దేశంలో పాతది. ఇబ్నుల్ బైతార్ అదే వ్యాధికి 'ఆత్రీలాల్' గింజ తినిపించి ఎండలో కూర్చోబెట్టే పద్ధతిని వర్ణించాడు. రెండింటిలోనూ ఉన్నవి సోరలిన్ జాతి పదార్థాలేనని తరువాత తేలినది. 1940లలో ఈజిప్టు వైద్యుడు అల్ ముఫ్తీ ఈ చికిత్సను ఆధునిక వైద్యంలోకి తెచ్చాడు. హైదరాబాదు ఎర్రగడ్డలోని యునానీ పరిశోధన సంస్థ బొల్లి చికిత్సకు పేరు పొందినది.

పరీక్షకు నిలవనివీ ఉన్నవి. 1988లో మద్రాసు శాస్త్రజ్ఞులు నేల ఉసిరి వలన కామెర్ల వైరస్ తొలగుతున్నదని ప్రకటించినప్పుడు ప్రపంచమంతా ఆశపడింది. తరువాతి ప్రయోగాలలో ఆ ఫలితం రాలేదు. ఇది కూడా చెప్పటమే నిజాయితీ.

ఇక పేర్లు రాసి ఉండటం వలన కలిగే మేలు 1997లో తెలిసివచ్చింది. పసుపు గాయాలు మాన్పుతుందని అమెరికాలో 1995లో ఇచ్చిన పేటెంటు, పాత గ్రంథాల సాక్ష్యంతో రద్దయినది. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి రైతులు పండించే పసుపు మీద వేరొకరి హక్కును ఆపినవి ఆ పాత కాగితాలే. ఆ తరువాత భారత ప్రభుత్వం సంప్రదాయ జ్ఞాన గ్రంథాలయాన్ని ఏర్పరచి, సంస్కృత, తమిళ గ్రంథాలతోపాటు అరబీ, పారసీక, ఉర్దూ యునానీ గ్రంథాల యోగాలను కూడా విదేశీ భాషలలోకి ఎక్కించినది. గ్రంథంలో ఉన్నదానికి ఆ రక్షణ లభించినది. మల్యాల పసరు వైద్యుని నోట మాత్రమే ఉన్నదానికి లభించలేదు.

మిగిలి ఉన్న పని

గుట్టలు అదే రూపంలో లేవు. కరీంనగర్ ప్రాంతపు గ్రానైటు విదేశాలకు పోతున్నది. శ్రీరాంసాగర్ కాలువ నీరు వచ్చి చెలకలు వరిమళ్లయినవి. అది రైతుకు మేలే, కాని గట్ల మీది మొక్కలు కలుపు మందుకు చచ్చిపోతున్నవి. వేరు కోసం తవ్వే మొక్క విత్తనం వేయకముందే పోతున్నది. కొండగట్టు అటవీ ప్రాంతాన్ని దత్తత తీసుకుంటున్నట్లు 2023 ఫిబ్రవరిలో ఒక ప్రకటన వెలువడినది. మొక్కలు నాటటం మంచిదే. అయితే ఉన్న మూలికలేవో రాసుకున్న తరువాతనే కొత్తవి నాటటం మరింత మంచిది.

2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థకూ ఒక జీవవైవిధ్య కమిటీ, ప్రజల ఎరుకను నమోదు చేసే ఒక దస్త్రం ఉండాలి. ఈ దస్త్రంలో ఒక్కొక్క మొక్కకు ఊరి పేరు, ఉర్దూ హకీముల పేరు, శాస్త్రనామం పక్కపక్కన రాయాలి. ఎండబెట్టిన కొమ్మను కాగితానికి అతికించి దానికి జత చేయాలి. చెప్పినవారి పేరు, వారి షరతు కూడా రాయాలి. రహస్యంగా ఉంచమన్నదానిని బయటపెట్టరాదు. తేలనిదాని దగ్గర ఇస్తిఫాన్ వలె ఖాళీ విడిచిపెట్టాలి. దీనికి పెద్ద ధనం అక్కరలేదు. పసరు తెలిసిన ముసలివారు, అత్తారు దుకాణదారు, ఉర్దూ చదవగల మౌల్వీ, కళాశాల వృక్షశాస్త్ర అధ్యాపకుడు, ఈ నలుగురూ ఒక్కచోట కూర్చుంటే చాలు. వేయి సంవత్సరాల క్రితం కార్డోవాలో జరిగినది సరిగ్గా ఇదే.

పెరటి చెట్టు మందుకు పనికిరాదని తెలుగు సామెత. బీరూనీ చేసినది దీనికి విరుద్ధం. పెరటి మొక్కను పట్టుకుపోయి పరదేశిని పేరు అడిగాడు, రాసుకున్నాడు. అందువలననే అది నిలిచింది. కొండగట్టు మీద కొడిశ ఏదో, అంకుడు ఏదో చూపించగల ముసలివారు ఉన్న కాలంలోనే వారిని అడగటం జరగాలి.